సూదిమీద ఎన్ని లూపులు? నిట్టింగ్‌కీ క్రోషేకీ అసలు తేడా

డిసెంబరు వచ్చిందంటే తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల వీధుల్లో అంగళ్ల ముందు మంకీ టోపీలు గుత్తులుగా వేలాడతాయి. తిరుమల కొండ ఎత్తు సుమారు 850 మీటర్లు. కల్యాణకట్టలో తలనీలాలిచ్చి, గుండుకు గంధం రాసుకుని బయటికొచ్చిన వాళ్లకు తెల్లవారుజామున ఆ చలి ఏమిటో బాగా తెలుస్తుంది. అందుకే ఇక్కడ ఊలు టోపీకి ఎప్పుడూ గిరాకీ ఉంటుంది.

మొన్న అలాంటి ఒక అంగట్లో టోపీల పక్కనే ఆడపిల్లల టాపులు, చేతిసంచులు కనబడ్డాయి. రెండింటికీ 'క్రోషే', అంటే కొక్కెం సూదితో చేసే అల్లిక, అని చీటీ అంటించారు. టాపును తిరగేసి వెలుగుకు పట్టి చూశాను. అది క్రోషే కాదు, యంత్రం మీద కన్నాలు కన్నాలుగా తీసిన నిట్టింగ్ గుడ్డ, అంటే స్వెటర్ల తరహా అల్లిక. సంచి మాత్రం నిజంగా క్రోషేదే, చేత్తో అల్లింది. ఆ మాటే అంటే అంగడామె నవ్వి, "రెండూ అల్లికేగదక్కా, ఏదైతే ఏముంది?" అంది.

ఆమె అడిగింది న్యాయమైన ప్రశ్న. ఇప్పుడు కీచైన్ బొమ్మలు, ఊలు పూలగుత్తులు, టాపులు అన్నీ క్రోషే పేరు మీద ఆన్‌లైన్‌లో అమ్ముడుపోతున్నాయి. నేర్చుకుందామని వీడియో పెట్టుకున్నవాళ్లు ఒకదాని బదులు ఇంకొకదాని సూదులు కొనుక్కొస్తున్నారు. అందుకే ఈ తేడాను మొదటినుంచీ విప్పి చూడటం అవసరమనిపించింది.

ఒకే మాట కింద రెండు పనులు

తికమక మన భాషలోనే మొదలవుతుంది. జడ అల్లుతాం, బుట్ట అల్లుతాం, నులకమంచం అల్లుతాం, స్వెటర్ అల్లుతాం, లేసు కూడా అల్లుతాం. తెలుగువాళ్లు గట్టిగా గీత గీసింది ఒక్కచోటే, అల్లడానికీ నేయడానికీ మధ్య. నగరి, పుత్తూరు వైపు మరమగ్గాల మీదైనా, వెంకటగిరిలో చేతిమగ్గం మీదైనా జరిగేది నేత. నిలువుగా సాగదీసి కట్టిన పడుగు ఒకటి, దాన్ని అడ్డంగా దాటే పేక ఒకటి, ఇలా రెండు వరసల దారాలు ఉంటేనే నేత. నిట్టింగ్‌కూ క్రోషేకూ పడుగూ అక్కర్లేదు, పేకా అక్కర్లేదు. ఉండలోంచి వచ్చే ఒకే దారం తన్ను తానే పట్టుకుంటూ పోయి గుడ్డ అవుతుంది. ఆ రకంగా చూస్తే ఇవి రెండూ అక్కచెల్లెళ్లే.

పన్నులవాళ్లు కూడా వీటిని ఒకే గంపలో వేశారు. బట్టల అంగడి బిల్లు మీద వస్తువు పక్కన ఒక కోడ్ అంకె ఉంటుంది చూడండి. టీషర్టు, బనియను కొంటే అది 6109తో మొదలవుతుంది. అంతర్జాతీయ కస్టమ్స్ పట్టికలో 61వ అధ్యాయం మొత్తం 'నిట్ చేసిన లేదా క్రోషే చేసిన' దుస్తులది. 62వ అధ్యాయం ఆ రెండూ కానివాటిది, అంటే నేత చొక్కాలు, ప్యాంట్లు వగైరా. కాబట్టి బిల్లు చూసి ఇది నిట్టింగో క్రోషేనో తేల్చలేం.

'లేసు' అనే మాట ఇంకో చిక్కు. పశ్చిమ గోదావరి నరసాపురం పుణ్యమా అని ఆంధ్రలో లేసు అంటే క్రోషే అనే అర్థం స్థిరపడింది. నిజానికి లేసు అంటే కన్నాలతో ఉండే పలచటి అల్లిక అని మాత్రమే. దాన్ని క్రోషేతో చేయొచ్చు, నిట్టింగ్‌తో చేయొచ్చు, చెక్క బాబిన్లకు దారం చుట్టి ఆ బాబిన్లను మార్చి మార్చి వేస్తూ కూడా చేయొచ్చు. కన్నాలు కనబడగానే క్రోషే అనుకోవడం ఇక్కడినుంచే వచ్చింది. ఆ టాపు మీద చీటీ కూడా ఈ పొరపాటు వల్లే పడి ఉంటుంది.

తెరిచి ఉన్న లూప్, మూసేసిన లూప్

ఎవరినడిగినా మొదట చెప్పే తేడా పనిముట్లది. నిట్టింగ్‌కు రెండు నున్నటి సూదులు, క్రోషేకు కొన వంగిన కొక్కెం సూది ఒకటి. మాట నిజమే కానీ అది పైపై తేడా. రెండు సూదులెందుకు కావాల్సి వచ్చిందో, ఒక కొక్కెమే ఎందుకు సరిపోయిందో చూస్తే అసలు సంగతి బయటపడుతుంది.

దారాన్ని వేలికి ఒక చుట్టు చుట్టి, ఆ చుట్టులోంచి అదే దారాన్ని కొంచెం లాగితే ఒక ఉంగరం వస్తుంది. అదే లూప్. దానిలోంచి ఇంకో లూప్ లాగేదాకా అది తెరిచి ఉన్నట్టే, దారం కొస లాగితే జారిపోతుంది. నిట్టింగ్‌లో ఎడమ సూదిమీద వరసలోని లూపులన్నీ ఎక్కి కూర్చుంటాయి. కుడి సూది మొదటి లూపులోకి దూరి దారాన్ని లాక్కొస్తుంది. కొత్త లూప్ కుడి సూది ఎక్కుతుంది, పాతది ఎడమ సూది దిగుతుంది. వరస పూర్తయ్యేసరికి కొత్త లూపులన్నీ కుడి సూదిమీద చేరి, తమను పట్టుకునే పై వరస కోసం ఎదురుచూస్తుంటాయి. అరవై కుట్ల వెడల్పు ఉంటే ఎప్పుడు చూసినా అరవై లూపులు తెరిచే ఉంటాయి. సూది జారిందా, అరవైకి అరవై గాలిలో ఉన్నట్టే.

క్రోషేలో కొక్కెం మీద ఉండేది ఒకటే లూప్. కింది వరసలో ఒక కుట్టులోకి కొక్కెం దూర్చి దారం లాగితే రెండవుతాయి. మళ్లీ దారం వేసి ఆ రెండింటిలోంచీ లాగితే తిరిగి ఒకటి. అంతటితో ఆ కుట్టు మూతపడింది, ఇక దాని జోలికి పోనక్కర్లేదు. పొడుగు కుట్లకు మధ్యలో మూడో నాలుగో లూపులు కొక్కెం ఎక్కుతాయి కానీ కుట్టు ముగిసేసరికి మిగిలేది మళ్లీ ఒకటే.

మన పూల వ్యవహారంలోనే దీనికి పోలిక ఉంది. సూదితో గుచ్చిన దండలో పూలన్నీ ఒకే దారం మీద వరసగా ఆగి ఉంటాయి, కొస ముడి ఊడితే అన్నీ జారతాయి. వేళ్లతో కట్టిన మాలలో ప్రతి జత పూలకూ అప్పటికప్పుడే ముడి పడుతుంది. కట్టేవాళ్లు మధ్యలో చేయి వదిలి కాఫీ తాగొచ్చినా ఏమీ కాదు. సూదిమీద ఉన్న నిట్టింగ్ వరస గుచ్చిన దండ లాంటిది, క్రోషే కట్టిన మాల లాంటిది. పోలిక ఇంతవరకే, ఎందుకంటే క్రోషేలో పడేది నిజమైన ముడి కాదు. చివరి లూపులోంచి దారం తీసేసి లాగితే ఆ అల్లిక కూడా సరసరా విడిపోతుంది. కాకపోతే ఒక కొసనుంచి, వచ్చిన దారినే విడిపోతుంది.

లూప్ తెరిచి ఉంటుందా, అప్పుడే మూతపడుతుందా అన్న ఈ ఒక్క విషయాన్ని పట్టుకుంటే మిగతా తేడాలన్నీ దీని వెనకే నడిచి వస్తాయి.

గుడ్డలో ఏం మారుతుంది

మీ ఒంటిమీద బనియనో టీషర్టో ఉంటే దాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూడండి. బయటివైపు సన్నటి జడపాయలు నిలువుగా దిగినట్టు ఉంటాయి. లోపలివైపు అడ్డంగా చిన్న చిన్న కనుబొమల్లా ఉంటాయి. అది నిట్టింగ్. స్వెటర్ అల్లేవాళ్లు ముందువైపు పడే కుట్టును నిట్ అనీ, వెనకవైపు పడేదాన్ని పర్ల్ అనీ అంటారు. హిందీ వీడియోల్లో సీదా, ఉల్టా అంటారు. ఇవి రెండు వేరు వేరు కుట్లు కావు, ఒకటే కుట్టుకు రెండు ముఖాలు. ఈ రెండింటినీ పక్కపక్కన నిలువు గీతలుగా పేరిస్తే మంకీ టోపీ అంచులో కనబడే సాగే పట్టీ వస్తుంది.

నిట్టింగ్ లూప్ వంపులు తిరిగిన పాము లాంటిది. అడ్డంగా లాగితే వంపులు విప్పుకుని వెడల్పవుతుంది, వదిలితే మళ్లీ ముడుచుకుంటుంది. నూలు దారం దానంతట అది సాగదు, అయినా నూలు బనియను సాగుతుంది. ఆ సాగుడు దారానిది కాదు, లూప్ ఆకారానిది. క్రోషేలో ప్రతి లూపునూ పక్క లూప్ బిగించి పెడుతుంది. కుట్లు నిలబడ్డ చిన్న స్తంభాల్లా ఉంటాయి, తలమీద అడ్డంగా గొలుసు ఒకటి నడుస్తుంది. అందుకని గుడ్డ మందంగా, నిలకడగా వస్తుంది. సంచికీ బల్లమీది గుడ్డకీ దూది కూరిన బొమ్మకీ అదే కావాలి. మేజోడుకు మాత్రం అది పనికిరాదు, మడమ దగ్గర సాగకపోతే కాలు దూరదు.

బలహీనతలు కూడా ఇక్కడినుంచే పుడతాయి. నిట్టింగ్ గుడ్డలో ఒక లూప్ తెగితే దాని కింద ఉన్న లూపుకు పట్టు పోతుంది, దాని కింద ఉన్నదానికీ పోతుంది. నిలువునా నిచ్చెన మెట్లలా దారాలు బయటపడుతూ కిందికి దిగిపోతాయి. పలచటి సాక్సులకు గోరు తగిలినప్పుడు పడే గీత అదే. క్రోషేలో ఒకచోట దారం తెగితే అక్కడ చిల్లి పడుతుంది కానీ నిచ్చెన పడదు.

అయితే ఏది గట్టిదని అడిగితే ఒక్క మాటలో చెప్పలేం. సన్నటి దారంతో దగ్గరగా అల్లిన నిట్టింగ్ గుడ్డ ఏళ్ల తరబడి ఉతుకుడుకు నిలుస్తుంది, మన బనియన్లే సాక్ష్యం. వదులుగా అల్లిన క్రోషే సంచిలో రెండు టెంకాయలు వేసి భుజానికి తగిలించుకుంటే సాయంత్రానికి మోకాలిదాకా దిగుతుంది. కుట్టు రకం కన్నా దారమూ బిగువూ ఎక్కువ తేడా తెచ్చే చోట్లు చాలా ఉన్నాయి.

ఒకే టోపీకి రెండు లెక్కలు

గుండు చేయించుకున్న ఒక పెద్దమనిషికి టోపీ కావాలి. తల చుట్టుకొలత 56 సెంటీమీటర్లు. రెండు పద్ధతుల్లో లెక్క ఎలా నడుస్తుందో చూద్దాం.

నిట్టింగ్‌లో ముందు ఒక చిన్న ముక్క అల్లి కొలుస్తారు. 10 సెంటీమీటర్లకు 22 కుట్లు వచ్చాయనుకుందాం. గుడ్డ సాగుతుంది కాబట్టి టోపీని తలకన్నా కొంచెం చిన్నగా, 50 సెంటీమీటర్లకు అల్లుతారు. సెంటీమీటరుకు 2.2 చొప్పున 50కి 110 కుట్లు. మొదటి వరసలోనే 110 లూపులూ సూది ఎక్కాలి. ఇక చేతి బిగువు కొంచెం వదులై 22కు బదులు 20 కుట్లే పడ్డాయనుకోండి, అవే 110 కుట్లు 55 సెంటీమీటర్లవుతాయి. ఐదు సెంటీమీటర్ల తేడా అంటే టోపీ తలను పట్టి ఉండదు, కళ్లమీదికి జారుతుంది. స్వెటర్ అల్లేవాళ్లు ఆ చిన్న ముక్క దగ్గర అంత పట్టుబట్టడం చాదస్తం కాదు.

క్రోషే టోపీ నడినెత్తిన మొదలవుతుంది. మొదటి చుట్టులో ఆరు కుట్లు. రెండో చుట్టులో ప్రతి కుట్టులోనూ రెండేసి వేస్తే 12. తర్వాత 18, 24, 30, ఇలా చుట్టుకు ఆరు చొప్పున పెరుగుతూ పోతుంది. 10 సెంటీమీటర్లకు 16 కుట్లు పడే ఊలుతో 15 చుట్లు వేస్తే 90 కుట్లు, అంటే 56 సెంటీమీటర్లకు కొంచెం పైన. చేతిలో సుమారు 18 సెంటీమీటర్ల అడ్డకొలత ఉన్న బిళ్ల తయారవుతుంది. అక్కడినుంచి పెంచడం ఆపి అవే 90 కుట్లు వేసుకుంటూ పోతే బిళ్ల అంచులు కిందికి వంగి టోపీ అవుతుంది. క్రోషే అంతగా సాగదు కాబట్టి తల కొలతకే అల్లాలి. మధ్యలో తలకు పెట్టి చూసుకోవచ్చు, చాలకపోతే ఇంకో చుట్టు పెంచొచ్చు. తెరిచి ఉన్న లూప్ ఒకటే కాబట్టి ఈ సౌకర్యం.

ఆ ఆరే ఎందుకు? దీనికి సమాధానం బడిలో నేర్చుకున్న వృత్తం లెక్కలో ఉంది. వృత్తం వ్యాసార్ధం ఒక కుట్టు ఎత్తు మేరకు పెరిగితే చుట్టుకొలత ఆ ఎత్తుకు 2π రెట్లు, అంటే సుమారు 6.28 కుట్ల మేర పెరుగుతుంది. పొట్టి క్రోషే కుట్టు ఎత్తూ వెడల్పూ ఇంచుమించు సమానం. కాబట్టి ప్రతి చుట్టుకూ ఆరుకు కాస్త పైన కుట్లు చేర్చాలి. ఆ మిగిలిన పావు కుట్టును ఊలు తనలో సర్దుకుంటుంది. కుట్టు రెట్టింపు ఎత్తుదైతే ఆరుకు బదులు పన్నెండు చేర్చాలి. ఈ లెక్క ఎవరూ బోర్డు మీద రాసి నేర్పలేదు. బిళ్ల గిన్నెలా ముడుచుకుంటే కుట్లు తక్కువయ్యాయనీ, అంచు అలలు తిరిగితే ఎక్కువయ్యాయనీ చేతులే కనిపెట్టాయి.

ఎక్కువైతే ఏమవుతుందో చూసిన గణితవేత్త ఒకరున్నారు. లాత్వియాలో పుట్టి అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన డైనా టైమినా 1997లో, ప్రతి వరసలోనూ ఒకే నిష్పత్తిలో కుట్లు పెంచుకుంటూ పోయి హైపర్‌బోలిక్ తలం అనే జ్యామితి రూపాన్ని క్రోషేలో చేసి చూపించారు. కాగితంతో చేసినవి చిరిగిపోతుంటే ఊలు నిలబడింది. ఆ ఆకారం మన పెరళ్లలో పూస్తుంది, సీతమ్మజడ పువ్వు చూడండి. మడతలమీద మడతలుగా అంచు ఎలా పొంగుతుందో అదే వరస. పని మొత్తానికీ తెరిచిన లూప్ ఒకటే కాబట్టి గుడ్డ ఏ వైపుకు ఎంత పెరిగినా కొక్కెం దాని వెంట పోగలదు. వందల లూపులు సూదిమీద మోస్తూ నిట్టింగ్‌లో ఇది చేయడం అసాధ్యం కాదు కానీ చాలా కష్టం.

యంత్రం ఎక్కడిదాకా వచ్చింది

నిట్టింగ్‌ను యంత్రం ఎప్పుడో అందుకుంది. ఇంగ్లండులో నాటింగ్‌హామ్ దగ్గర ఉండిన విలియం లీ 1589లో మేజోళ్లు అల్లే చట్రాన్ని తయారుచేశాడు. చేత్తో అల్లి బతికేవాళ్ల పొట్ట కొడుతుందని ఎలిజబెత్ రాణి దానికి హక్కుపత్రం ఇవ్వలేదని చెబుతారు. వరసలోని లూపులన్నీ ఒకేసారి తెరిచి ఉండటమే యంత్రానికి దారి ఇచ్చింది. ఒక్కో లూపుకు ఒక్కో సూది పెట్టి, అన్నింటినీ ఒకే ఊపులో కదిలిస్తే వరస మొత్తం ఒక్కసారే పడుతుంది. ఇవాళ తమిళనాడు తిరుప్పూరులో బనియన్లు, టీషర్టుల గుడ్డ గుండ్రటి యంత్రాల మీద గొట్టంలా దిగుతుంది. మన ఊరి పేరూ ఆ ఊరి పేరూ దగ్గరగా ఉండటంతో బయటి రాష్ట్రాలవాళ్లు బనియన్ల ఊరు తిరుపతి అనుకోవడం నేను చాలాసార్లు విన్నాను. నిట్టింగ్ ఊరు తిరుప్పూరు.

క్రోషే యంత్రానికి లొంగలేదు. కొక్కెం ప్రతిసారీ కింది వరసలో సరైన కన్నును వెతుక్కుని దూరాలి. గుడ్డను చేయి తిప్పుతూ పోవాలి. ఒక కుట్టు ముగిస్తేగానీ పక్క కుట్టు మొదలుకాదు కాబట్టి వందసూదులు పెట్టినా లాభం లేదు. ప్రయోగశాలల్లో నమూనా యంత్రాలు వచ్చాయి గానీ అంగట్లోకి సరుకు పంపే స్థాయికి అవి చేరలేదు. మరి పరిశ్రమలో 'క్రోషే మిషన్' అనేది ఉంది కదా అంటారు. అంచులకు కుట్టే లేసు పట్టీలు తీసే యంత్రం అది. దాని పేరే క్రోషే, పడే కుట్టు మాత్రం నిట్టింగ్ జాతిదే. పేరు యంత్రంనుంచి పట్టీకి, పట్టీనుంచి టాపుకు పాకిందని నాకు అనిపిస్తుంది.

దీని అర్థం చిన్నది కాదు. నిజమైన క్రోషే వస్తువు మీ చేతిలో ఉందంటే దాన్ని ఒక మనిషి కుట్టు వెంబడి కుట్టు వేసి అల్లినట్టే. ధర దగ్గర ఇది ఎలా బిగుసుకుంటుందో ఊహకు ఒక లెక్క వేద్దాం. ఒక సంచికి పన్నెండు గంటలు పట్టిందనుకుందాం. 600 రూపాయలకు అమ్ముడైంది, దారానికి 150 పోయింది, మిగిలింది 450. అంగడివాళ్ల వాటా ఏమీ లేదనుకున్నా గంటకు 37 రూపాయల 50 పైసలు. అదే సంచి 300కు దొరికితే గంటకు 12 రూపాయల 50 పైసలే. యంత్రం చేయలేని వస్తువు యంత్రం ధరకు దొరుకుతోందంటే రెండే దార్లు. అది క్రోషే కాకపోవాలి, లేదా అల్లిన చేతికి దక్కాల్సింది దక్కకపోవాలి. అంగడామె "ఏదైతే ఏముంది" అన్నదానికి నా దగ్గరున్న గట్టి జవాబు ఇదే.

నరసాపురం సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. 1844 ప్రాంతంలో అక్కడికొచ్చిన క్రైస్తవ మిషనరీ దంపతులు స్థానిక ఆడవాళ్లకు లేసు అల్లిక నేర్పారని చెబుతారు. అటుపైన గోదావరి డెల్టా పల్లెల్లో వేల ఇళ్ల గడపల్లో సన్నటి నూలుదారం, సన్నటి ఉక్కు కొక్కెం తిరుగుతూనే ఉన్నాయి. చిన్న పువ్వులూ బిళ్లలూ ఒక్కో ఇంట్లో అల్లి, మరొకరు వాటిని కలిపి, బల్లగుడ్డలుగా విదేశాలకు పంపుతారు. 2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. సరిగ్గా ఆ 1840ల్లోనే ఐర్లండులో ఆలుగడ్డ పంట పోయి కరువు వచ్చినప్పుడు, అక్కడి ఆడవాళ్లు ఖరీదైన లేసులను పోలేలా క్రోషేలో అల్లి అమ్ముకుని ఇళ్లు నిలబెట్టుకున్నారు. ఒక కొక్కెం, ఒక ఉండ తప్ప పెట్టుబడి అక్కర్లేని పని కాబట్టే అది పేదింటి చేతికి అంత తేలిగ్గా చేరింది.

ఏది పాతది

నిట్టింగ్ పాతది. ఈజిప్టులో దొరికిన నూలు మేజోళ్లు ఇంచుమించు వెయ్యేళ్ల నాటివి. అంతకన్నా పాతవి, క్రీస్తుశకం నాలుగో, ఐదో శతాబ్దాల నాటి మేజోళ్లు కూడా అక్కడ దొరికాయి కానీ అవి నిట్టింగ్ కావు. ఒంటిసూదితో, దారం ముక్క మొత్తాన్నీ ప్రతి కుట్టులోంచీ లాగుతూ చేసే ఇంకో పద్ధతి అది. చూపుకు నిట్టింగ్‌లాగే ఉండటంతో పండితులే పొరబడ్డారు.

క్రోషే వయసు మీద వాదం ఉంది. అరేబియాలో పుట్టిందనీ, చైనాలో పుట్టిందనీ, దక్షిణ అమెరికాలో పుట్టిందనీ కథలున్నాయి. పాత గుడ్డ ముక్కల్లో మాత్రం వాటికి సాక్ష్యం కనబడదు. అచ్చులో క్రోషే నమూనాలు మొదట కనిపించింది 1823లో, పెనెలోపే అనే డచ్చి పత్రికలో. పేరు ఫ్రెంచి మాట, చిన్న కొక్కెం అని అర్థం. మన పెద్దలు 'కొక్కెం అల్లిక' అన్నప్పుడు తెలియకుండానే సరైన అనువాదం చేశారన్నమాట.

పేర్లూ నంబర్లూ పెట్టే తికమక

నేర్చుకునేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడ. క్రోషే కుట్లకు అమెరికావాళ్ల పేర్లు వేరు, బ్రిటన్‌వాళ్ల పేర్లు వేరు. చిక్కేమిటంటే మాటలు అవే, అర్థాలు ఒక మెట్టు జరిగి ఉంటాయి. అమెరికాలో సింగిల్ అనేది బ్రిటన్‌లో డబుల్. అమెరికా డబుల్ బ్రిటన్ ట్రెబుల్. ఒక నమూనాలో పది వరసలు డబుల్ వేయమని ఉందనుకోండి. అమెరికా నమూనాను బ్రిటిష్ లెక్కన చదివినవాళ్లకు అన్నీ పొట్టి కుట్లే పడతాయి, గుడ్డ పొడవు సగానికి సగం తగ్గుతుంది. తప్పు చేతిది కాదు, మాటది.

నిట్టింగ్ సూదుల నంబర్లు ఇంకా ఘోరం. మన అంగళ్లలో చాలాచోట్ల పాత బ్రిటిష్ నంబర్లే నడుస్తున్నాయి, అంకె పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. 8 నంబరు 4 మిల్లీమీటర్లు, 10 నంబరు 3.25 మిల్లీమీటర్లు. అమెరికా లెక్క తిరగబడి ఉంటుంది, అంకె పెరిగితే సూది లావు. అక్కడ 10 నంబరంటే 6 మిల్లీమీటర్లు. అమెరికా వీడియో చూసి మన అంగట్లో 10 నంబరు సూదులు తెచ్చుకుంటే ఇంచుమించు సగం లావు సూదులు చేతికొస్తాయి. స్వెటర్ మొదలుపెడితే బొమ్మకు సరిపోయే చొక్కా వస్తుంది. సూదిమీద అచ్చయిన మిల్లీమీటర్ల అంకె ఒక్కటే ఏ దేశంలోనూ మారదు.

ఏది తేలిక అన్న వాదం

క్రోషే పక్షంవాళ్లు చెప్పేది ఇది. తప్పు పడితే నాలుగు కుట్లు ఊడదీసి మళ్లీ వేసుకోవచ్చు, బస్సులో కూడా చేసుకోవచ్చు, కొక్కెం పడిపోయినా పోయేది ఒక్క లూపే. పొడుగు కుట్టు ఒక వరస వేస్తే సుమారు మూడు నిట్టింగ్ వరసలంత ఎత్తు లేస్తుంది కాబట్టి పని త్వరగా కళ్లకు కనబడుతుంది. నిట్టింగ్ పక్షంవాళ్ల మాటలోనూ బలముంది. నేర్చుకోవాల్సింది నిట్, పర్ల్ రెండే, కుట్టు ఎక్కడ వేయాలో వెతుక్కోనక్కర్లేదు, సూదిమీద తర్వాతి లూప్ తనే ఎదురొస్తుంది. క్రోషేలో కొత్తవాళ్లకు అతి కష్టమైనది కొక్కెం ఎక్కడ దూర్చాలో తెలియకపోవడమే. వరస చివరి కుట్టు కనబడక వదిలేస్తే గుడ్డ ముగ్గుపిండి కుప్పలా పైకి పోనుపోను సన్నబడుతుంది. నేను చూసినంతలో చిన్నపిల్లలకు క్రోషే తొందరగా పట్టుబడుతుంది. ముందే స్వెటర్ సూదులు అలవాటైన పెద్దవాళ్లకు కొక్కెం పరాయిగా అనిపిస్తుంది.

ఊలు ఖర్చు మీద కూడా ఇలాంటి వాదమే. క్రోషేకు మూడోవంతు ఎక్కువ పడుతుందని అల్లేవాళ్లలో ఒక వాడుక మాట ఉంది. దట్టమైన పొట్టి కుట్లు వేస్తే నిజమే, లూపులు ఒకదానిమీద ఒకటి ఎక్కుతాయి కాబట్టి ఎక్కువే పడుతుంది. కన్నాలు విడిచే జాలీ అల్లికలో మాత్రం ఆ లెక్క నిలవదు.

గీత చెరిగే చోటు

తెరిచిన లూపుల లెక్కతో అన్నీ తేలిపోతాయా అంటే, పూర్తిగా తేలవు. ట్యునీషియన్ క్రోషే అని ఒకటుంది. దాని కొక్కెం స్వెటర్ సూదంత పొడుగు. వెళ్లేటప్పుడు వరసలోని లూపులన్నీ కొక్కెం మీదికి ఎక్కించుకుంటూ పోతారు, నిట్టింగ్‌లాగే. తిరిగొచ్చేటప్పుడు ఒక్కొక్కటే మూసుకుంటూ వస్తారు, క్రోషేలాగే. వరస సగంలో అది చెల్లెలు, మిగతా సగంలో అక్క.

రెండింటి చుట్టరికం నాకు మొదట కనబడింది పుస్తకంలో కాదు, చిత్తూరులో మా పెద్దమ్మ ఇంట్లో. నాకప్పుడు పన్నెండేళ్లు. హార్స్లీ హిల్స్‌కు బడి వాళ్లు తీసుకుపోతున్నారని స్వెటర్ మొదలుపెట్టాను. వీపు భాగం జానెడు లేచాక సూదిమీద ఒక లూప్ జారింది. చూస్తుండగానే నిచ్చెన ఒక్కో మెట్టూ దిగుతూ అంచుదాకా పోయింది. మొత్తం ఊడదీయాల్సిందేనని ఏడుపు మొదలుపెట్టాను.

"ఉండు మే, దానికెందుకు ఏడస్తావు, ఆ డబ్బాలో కొక్కెం ఉండాది తీసకరా," అంది పెద్దమ్మ. టీవీమీది గుడ్డ అల్లే కొక్కెమది. అట్టడుగున జారి కూర్చున్న లూపును కొక్కెం కొనతో పట్టుకుంది. దానిపైన అడ్డంగా ఉన్న మొదటి మెట్టు దారాన్ని అందుకుని ఆ లూపులోంచి లాగింది. తర్వాత రెండో మెట్టు, ఆపైన మూడోది. కొక్కెం మీద ఎప్పుడు చూసినా ఒకటే లూప్. ఆమె వేళ్ల కింద ఒక క్రోషే గొలుసు పైకి పాకుతోంది, పాకిన మేరా పక్కనున్న జడపాయల్లో తేడా లేకుండా కలిసిపోతోంది. నిట్టింగ్‌లో నిలువుగా కనబడే ఒక్కో పాయా నిజానికి ఒక గొలుసేనని, అలాంటి గొలుసులు వరసగా చేతులు పట్టుకుని నిలబడితేనే స్వెటర్ అవుతుందని అప్పుడు చూశాను. పైమెట్టుదాకా వచ్చాక పెద్దమ్మ కొక్కెం మీది లూపును జాగ్రత్తగా నా సూదిమీదికి జార్చి, "ఇంక నువ్వు అల్లుకో," అని ఇచ్చేసింది.